ఒళ్లో పెట్టిన బిడ్డ

ఎనభైల్లో ఆళ్లగడ్డలో మంచి రవిక కుట్టించుకోవాలంటే కృపావతి దగ్గరికే పోవాలి. బస్టాండుకు అవతల, శిల్పులు రాయి చెక్కే షెడ్ల పక్కన చిన్న గది ఆమెది. ఒక పక్క ఉలి చప్పుడు, ఇంకో పక్క ఆమె మిషను చప్పుడు. రాతిపొడి గుడ్డల మీద పడుతోందని రోజూ శిల్పులతో తగువు పెట్టుకునేది. కొలత ఒకసారే తీసుకునేది. బేరమాడితే గుడ్డ మడిచి చేతిలో పెట్టి పంపేది. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ కృపమ్మ అనేవాళ్లు, వీపు తిప్పగానే కోర్టు కృపమ్మ అనేవాళ్లు. ఆ మాట ఆమె చెవిన పడకపోలేదు.

"కోర్టుకు పోయింది నిజమే గదా. అననీలే" అనేది.

అలా అనేవాళ్లలో సగం మందికి ఆమె కోర్టుకు ఎందుకెక్కిందో తెలియదు. భరణం కోసమని ఒకరు, నంద్యాల శెట్టి తనను పెళ్లి చేసుకోవాలని ఒకరు, ఆస్తిలో వాటా కోసమని ఇంకొకరు. నోటికి వచ్చినట్టు వాగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆమె కోర్టును అడిగింది ఒక్కటే, తన బిడ్డను తనకిమ్మని. ఆ ఒక్కటీ తెలుసుకోకుండా మిగతాదంతా తెలిసినట్టు మాట్లాడితే ఏం లాభం?

కృపావతి తండ్రి మోషే ఆళ్లగడ్డ మిషన్ బడిలో అయ్యవారు, చర్చిలో సంఘ పెద్ద. తెల్లచొక్కా మీద మరక పడితే ఆ రోజంతా అన్నం సహించని మనిషి. భార్య తొందరగా పోయింది. కూతురు పది తప్పితే, నంద్యాలలో ఉన్న తన చెల్లెలు సారమ్మ ఇంట్లో ఉంచి కుట్టుపని నేర్పించాడు. సారమ్మ ఆసుపత్రిలో ఆయా. భర్త లేడు, భయం అంతకన్నా లేదు.

పని నేర్చిన కృపావతిని నంద్యాలలో పెద్ద ఇళ్లవాళ్లు ఇంటికే పిలిపించుకునేవాళ్లు. అలా పిలిపించుకున్న వాళ్లలో లక్ష్మీకాంతమ్మ ఒకరు. శెట్లు, బజార్లో పెద్ద బట్టలంగడి వాళ్లది. మొగుడు పోయాక ఇల్లూ అంగడీ ఆమె కొంగున ముడేసుకుంది. ఒక్కడే కొడుకు, జనార్దనం. అతని భార్య అహల్య కాపురానికొచ్చి ఏళ్లు గడిచాయి, కడుపు పండలేదు. కాశీనాయన దగ్గర్నుంచి అహోబిలం దాకా మొక్కని దేవుడు లేడు.

జనార్దనం మెత్తటి మనిషి. అంగట్లోంచి గుడ్డలు తెచ్చి ఇచ్చేవాడు, మిషను పక్కన నిలబడి మాట్లాడేవాడు, నవ్వించేవాడు. కృపావతికి అప్పటికి ఇరవై మూడేళ్లు. ఆ తర్వాత జరిగిందాన్ని ఊరు ఎన్ని రకాలుగా చెప్పుకున్నా ఆమె మాత్రం ఒకే రకంగా చెప్పింది. తనను ఎవరూ మోసం చేయలేదు, తాను ఇష్టపడింది. అతనికి భార్య ఉందని తెలిసే ఇష్టపడింది. అది తప్పే కావచ్చు గానీ, ఆ తప్పును కూడా మగవాడి ఖాతాలో వేసి తాను ఏడుస్తూ కూచోవడం ఆమెకు చేతకాలేదు.

డెబ్భై నాలుగు ఎండాకాలంలో మగబిడ్డ పుట్టాడు.

కబురు విని మోషే నంద్యాల వచ్చాడు. మూడో రోజు లక్ష్మీకాంతమ్మ నుంచి మనిషి వస్తే వెళ్లాడు. తిరిగొచ్చి కూతురి మంచం పక్కన కూచున్నాడు.

"అమ్మా కృపా, వాళ్లు బిడ్డను దత్తత తీసుకుంటామంటాండారు. అహల్యమ్మ సొంత బిడ్డ మాదిరి సాకుతాది. నీ పేరు బయటికి రాదు. నీకు పెండ్లి చేస్తా. మోషే ప్రవక్త ఫరో రాజు ఇంట్లో పెరగలేదా?"

కృపావతికి బాలింత జ్వరం. కళ్లు మండుతున్నా మాట తడబడలేదు.

"పెరిగినాడు నాయనా. ఏట్లో ఇడిసింది వాళ్లమ్మ. తన చేతుల్తో ఇడిసింది. తాతొచ్చి ఇడవలేదు. నేనియ్యను."

ఇక్కడే మోషే ఒక పని చేశాడు. ఆలోచించి చేసింది కాదు, భయపడి చేసింది. ఆ సాయంత్రం వంటింట్లో, చెల్లెలు చూస్తుండగా, గ్లాసులో నీళ్లు తీసుకుని పసివాడి నెత్తిన మూడుసార్లు పోసి బాప్తిస్మం ఇచ్చాడు. నతానియేలు అని పేరు పెట్టాడు. చచ్చిపోతున్న బిడ్డకు తప్ప అలా ఇచ్చే అధికారం సంఘ పెద్దకు లేదు, పాస్టరు అయ్యగారే ఇవ్వాలి. అది ఆయనకు తెలుసు. కానీ విగ్రహాలు పూజించే ఇంటికి పోతున్నాడు, రేపు వాళ్లు ఏ పేరు పెట్టి పిలిచినా ఆత్మ మాత్రం ప్రభువు చేతిలో ఉండనీ అనుకున్నాడు. పరువు కోసం మనవణ్ణి ఇచ్చేయడానికి సిద్ధపడ్డ మనిషి, ఆ మనవడి మోక్షం మాత్రం వదులుకోలేకపోయాడు. మనుషులు ఇంత అడ్డదిడ్డంగా ప్రేమిస్తారు, ఏం చేస్తాం.

మర్నాడు ఆయన చెల్లెలు పనికి వెళ్లాక, కూతురు జ్వరంలో మూసిన కన్ను తెరవకముందే బిడ్డను తీసుకుపోయి లక్ష్మీకాంతమ్మ ఇంట్లో ఇచ్చేశాడు. అట్నుంచి అటే బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లిపోయాడు.

కృపావతి లేచి చూస్తే ఉయ్యాల ఖాళీ. సారమ్మ అన్నను తిట్టిన తిట్లు వీధి వీధంతా విన్నది. ఇద్దరూ బట్టలంగడి వాళ్లింటికి పరిగెత్తారు. తలుపు తీయలేదు. నాలుగు రోజులు పోయారు, నాలుగు రోజులూ తీయలేదు. అయిదో రోజు తలుపే కబురు పంపింది. బిడ్డ డబ్బాపాలు కక్కేస్తున్నాడు, వచ్చి పాలియ్యమని.

సారమ్మ డ్యూటీలో ఉంది. కృపావతి ఆగలేదు. జ్వరం ఒంటితో, తడిసిన రవికతో ఒక్కతే పోయింది.

నడిమింట్లో చుట్టాలు కూచుని ఉన్నారు. హోమం వాసన, కొత్తచీరలు, పురోహితుడు. శెట్ల ఇంట్లో ఏదో వ్రతం అనుకుంది. ఆమె కళ్లకు బిడ్డ తప్ప ఏదీ ఆనలేదు. గోడవైపు తిరిగి కూచుని పాలిచ్చింది. వాడు గుక్క తిప్పుకోకుండా తాగుతుంటే ఏడ్చింది.

లక్ష్మీకాంతమ్మ పక్కన కూచుని మెల్లగా చెప్పింది. "మీ నాయన మాటిచ్చినాడు. అయినా నీ ఉసురు మాకెందుకు? వారం దినాలు పొద్దున మాపున వచ్చి పాలియ్యి. బిడ్డ తేరుకుంటానే తీసకపో. ఆ జ్వరంతో ఇప్పుడు యాడికి ఎత్తకపోతావ్?"

కృపావతి నమ్మింది. నమ్మడానికి కారణం ఉంది, పక్కనే పీట మీద అహల్య తల వంచుకుని కూచుని ఉంది. ఆ ముఖంలో దొంగతనం లేదు, ఆకలి ఉంది. బిడ్డ రొమ్ము వదలగానే లక్ష్మీకాంతమ్మ, "ఇట్ల కోడలి ఒళ్లో పెట్టు, తేన్పు తీస్తాది" అంది. కృపావతి రెండు చేతులతో బిడ్డను అహల్య ఒళ్లో పెట్టింది. పురోహితుడు ఏదో చదివాడు. అక్షింతలు పడ్డాయి. స్టూడియో అతను ఫొటో తీశాడు. బిడ్డకు దీవెన అనుకుంది పిచ్చిది.

సాయంత్రం పాలివ్వడానికి పోతే తలుపు తీయలేదు. మళ్లీ ఎప్పుడూ తీయలేదు.

వకీలు సుందరరాజు ఆఫీసులో ఈ సంగతి చెప్పేటప్పుడు కృపావతి బాగానే ఉంది గానీ, వింటున్న వకీలు తల పట్టుకున్నాడు.

"వాళ్లకెవరో చట్టం బాగా చెప్పినారమ్మా" అన్నాడు. "పెండ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ మీద మొదటి హక్కు తల్లిది. తండ్రి తర్వాతే. తాతకు అసలు లేదు. మీ నాయన ఇచ్చింది చెల్లదు. అందుకే నిన్ను పిలిపించినారు. దత్తత అంటే కన్నవాళ్లు చేతుల్తో ఇయ్యాల, తీసుకునేవాళ్లు చేతుల్తో తీసుకోవాల. నువ్వు ఇచ్చినావు. ఫొటో ఉంది."

"నేనిచ్చింది తేన్పు తీసేదానికి."

"ఫొటోలో తేన్పు కనపడదు గదమ్మా."

వకీలు ఒక దారి చెప్పాడు. జనార్దనం పెళ్లి చేసుకుంటానని నమ్మించి చెరిచాడని రాద్దాం. జడ్జికి జాలి పుడుతుంది. కృపావతి ఒప్పుకోలేదు. వకీలు కోప్పడ్డాడు. అప్పటికీ ఒప్పుకోలేదు.

"అబద్ధమాడి గెలిస్తే, రేపు వాడికి ఏం చెప్పేది? నిన్ను ఒకడు బలవంతంగా నా కడుపులో పెట్టిపోయినాడని చెప్పాల్నా? ఇష్టపడి కన్నా. అట్లనే రాయండి."

పక్కన కూచున్న సారమ్మ అప్పుడు నోరు తెరిచింది. బిడ్డను ఎత్తుకుపోయే ముందు సాయంత్రం తన వంటింట్లో అన్న చేసిన పని చెప్పింది. వకీలు చేతిలో పెన్ను కింద పెట్టాడు.

"నెత్తిన నీళ్లు పోసినాడా? ఏ మాటలు చెప్పి పోసినాడు?"

ఆ దత్తత చట్టం హిందువుల చట్టం. ఇచ్చే బిడ్డ కూడా హిందువై ఉండాలి. క్రైస్తవుల చట్టంలో దత్తత అన్నదే లేదు, పెంచుకోవాలనుకుంటే సంరక్షకులుగా కోర్టును అడుక్కోవడం తప్ప. క్రైస్తవ తల్లికి పుట్టి బాప్తిస్మం పొందిన బిడ్డను ఏ హోమం దగ్గర, ఎవరి ఒళ్లో పెట్టినా దత్తత కాదు. ఇది రుజువైతే ఫొటో ఉన్నా పనికిరాదు. అయితే సారమ్మ ఒక్కతే చెబితే ఇంటిమనిషి మాట అంటారు. చెప్పాల్సింది నీళ్లు పోసినవాడు. ఆ పోసినవాడు అవతలి పక్షం సాక్షి.

కేసు రెండేళ్లకు పైనే నడిచింది. వాయిదా వచ్చినప్పుడల్లా కృపావతి కోర్టు వరండాలో నిలబడేది. ఆమెను చూడ్డానికే వచ్చేవాళ్లు కొందరు. తల వంచుకోమని సారమ్మతో సహా అందరూ చెప్పారు, పెళ్లికాని తల్లి తల ఎత్తి నిలబడితే జడ్జికి నచ్చదని. ఆమె వంచుకోలేదు. మెడ నొప్పి పుడుతుందంది.

బోనులో ఆమెను అవతలి వకీలు ఫొటో చూపించి అడిగాడు. "ఈ చేతులు నీవేనా?"

"నావే."

"బిడ్డను ఈమె ఒళ్లో పెట్టింది నువ్వేనా?"

"నేనే పెట్టినా. మళ్లా తీసుకుందామని పెట్టినా."

"బిడ్డ తండ్రి ఎవరు?"

"ఆడ కూచున్నాడు. ఆయన్నే అడగండి."

తర్వాత మోషే బోనెక్కాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. కూతురి ఇష్టంతోనే బిడ్డను ఇచ్చామని, లక్ష్మీకాంతమ్మ వకీలు చెప్పమన్నట్టే చెప్పాడు. కూతురివైపు చూడలేదు. సుందరరాజు లేచి, ఇంకేమీ అడగకుండా ఒక్క ప్రశ్న వేశాడు. "అయ్యవారూ, ఆ బిడ్డకు మీరు బాప్తిస్మం ఇచ్చినారా, లేదా?"

ఇచ్చానంటే మోషే, బాప్తిస్మం ఇచ్చిన బిడ్డను తెలిసి తెలిసి హోమం ముందుకు పంపిన సంఘ పెద్ద అవుతాడు. అయ్యగారి అధికారం దొంగిలించినవాడూ అవుతాడు. పెద్దరికం పోతుంది, మిషన్ బడిలో ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. ఇవ్వలేదంటే అందరూ సుఖం. అబద్ధం చాలా చిన్నది. కానీ చెయ్యి బైబిలు మీద పెట్టి వచ్చాడు, పైగా ఆ అబద్ధంతో మనవణ్ణి దేవుడి చేతిలోంచి తానే లాగేసుకున్నట్టవుతుంది. కృపావతి తండ్రినే చూస్తూ నిలబడింది. ఆయన మీద కోపం ఎంత ఉందో, ఆ క్షణాన అంత జాలీ వేసింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"ఇచ్చినా" అన్నాడు మోషే. "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున ఇచ్చినా. వాని పేరు నతానియేలు. నా బిడ్డ ఇయ్యనన్నది. నిద్రపోతాంటే ఎత్తకపోయి నేనే ఇచ్చినా."

అవతలి వకీలు గట్టివాడే, వెంటనే ఇంకో దారి పట్టాడు. తల్లి క్రైస్తవురాలైనా తండ్రి హిందువైతే, హిందువుల ఇంట్లో పెరుగుతున్న బిడ్డ హిందువే అవుతాడన్నాడు. నీళ్లు చల్లినంత మాత్రాన ఏమీ కాదన్నాడు.

జడ్జి అద్దాలు సవరించుకున్నాడు. "అయితే తండ్రి ఎవరో చెప్పించండి. తండ్రి ఒప్పుకుంటే అప్పుడు ఆలోచిద్దాం."

కోర్టు హాల్లో అందరూ జనార్దనం వైపు తిరిగారు. అతను నోరు తెరిచి నా బిడ్డే అంటే చాలు, మళ్లీ బిడ్డ చేయి జారిపోవచ్చు. అది తెలిసినా కృపావతి లోపల, ఇంకెవరికీ చెప్పని ఒక కోరిక మెదిలింది. చెప్పనీ, ఒక్కసారి నలుగురిలో చెప్పనీ, నేను వినాలి అనుకుంది. జనార్దనం తల్లివైపు చూశాడు. తల్లి కళ్లతోనే వద్దంది. చెబితే రేపు ఆస్తికి, పెళ్లికి, కులానికి ఎన్ని చిక్కులో ఆమెకు తెలుసు. జనార్దనం తల దించుకున్నాడు.

"నాకు తెలీదు" అన్నాడు.

ఆ మాటతో అతను కేసూ ఓడిపోయాడు, ఇంకా చాలా ఓడిపోయాడు. కృపావతికి బిడ్డ దక్కాడు. ఆ రాత్రి ఆమె ఏడ్చింది మాత్రం గెలిచినందుకు కాదు. అంత పిరికివాణ్ణా ఇష్టపడింది అని ఏడ్చింది. తర్వాత అతని కోసం ఎప్పుడూ ఏడవలేదు.

బిడ్డను అప్పజెప్పింది అహల్య. వాడికి అప్పటికి మూడేళ్లు దగ్గర పడ్డాయి, కృపావతి ఎవరో తెలియదు. అహల్య మెడ పట్టుకుని వదల్లేదు, లాక్కుంటే కొరికాడు. వాడికి నెయ్యి వేస్తే తినడని, నిద్రలో ఎడమచెవి పట్టుకుంటాడని మాత్రం చెప్పింది అహల్య.

"నువ్వు ఎప్పుడైనా రామ్మా" అంది కృపావతి. "నా తలుపు నీకు మూయను. నీతో నాకు తగాదా లేదు."

అహల్య ఆ తర్వాత ఆళ్లగడ్డకు వచ్చేది, ఏటా కాకపోయినా వచ్చేది. ఆమె వెంట జనార్దనం ఒక్కసారి కూడా రాలేదు.

కృపావతి బిడ్డతో, మిషనుతో ఆళ్లగడ్డ చేరింది. మోషేను సంఘ పెద్దగా తీసేశారు. ఉద్యోగం మాత్రం మిగిలింది. చర్చిలో చివర, వాకిలి దగ్గర చాప మీద తండ్రీ కూతుళ్లిద్దరూ కూచునేవాళ్లు. మధ్యలో పిల్లవాడు. తప్పు చేశారని సంఘం క్రమశిక్షణ కింద పెట్టినవాళ్లకు ప్రభువు బల్ల లేదు, రొట్టె ద్రాక్షారసం వాళ్ల దాకా రావు. ముందుకొచ్చి సంఘం ఎదుట నిలబడి పాపం ఒప్పుకుంటేనే మళ్లీ చేర్చుకుంటారు. మోషే ఒప్పుకున్నాడు, చేర్చుకున్నారు. ఇక మిగిలింది కృపావతి.

అయ్యగారు ఇంటికొచ్చి మంచిగా చెప్పాడు. "నాలుగు మాటలమ్మా. వ్యభిచారం చేసినాను, పాపంలో బిడ్డను కన్నాను, క్షమించండి అంటే చాలు. ఎంత సేపు?"

"చెప్తాలెండి అయ్యగారూ. ఆదివారం వస్తా."

మోషేకు కూతురి సంగతి తెలుసు. ఆ రెండు రోజులు ఆయనకు నిద్ర పట్టలేదు.

ఆదివారం చర్చి నిండింది. ఇలాంటివి ఉన్నాయంటే రానివాళ్లు కూడా వస్తారు. దొర్నిపాడు నుంచి కూడా వచ్చారు. అయ్యగారు పేరు పిలిచాడు. కృపావతి తెల్లచీర కట్టుకుంది, పిల్లవాణ్ణి చంకనేసుకుని నడిచి వెళ్లింది. బిడ్డను కింద దించమని ఎవరో సైగ చేశారు. దించలేదు.

సంఘం వైపు తిరిగింది.

"నేను ఒక తప్పు చేసినా. నా బిడ్డ నా చేతుల్లో ఉన్నాడు, నా పాలు తాగినాడు. అప్పుడు లేచి పరిగెత్తాల్సింది. వాళ్ల మాట నమ్మి ఈ చేతుల్తో వాణ్ణి వేరే ఒళ్లో పెట్టినా. మూడేండ్లు వాడు అమ్మ యాడుందో తెలీకుండా పెరిగినాడు. ఆ తప్పుకు దేవుణ్ణి క్షమించమంటాండా. మీరూ క్షమించండి."

అయ్యగారు ఎదురుచూశాడు. సంఘమూ ఎదురుచూసింది. ఆమె ఇంకేమీ అనకపోయేసరికి ఆయన పక్కకు వంగి నెమ్మదిగా అడిగాడు.

"బిడ్డను కన్నదాని సంగతి చెప్పల్యా?"

"దానికి ఒప్పుకునేదేం లేదు అయ్యగారూ" అంది కృపావతి, అందరికీ వినపడేలా. "అది తప్పని మీరు రాసుకోండి. నేను మాత్రం అనను. వీడు వింటాండాడు."